చైనా చరిత్రలో ఒక్క మనిషికి ఇన్ని పేర్లేంటి? ఎవరు పెట్టేవాళ్ళు, ఎందుకు పెట్టేవాళ్ళు

తంగేడుపూవు:
అందరికీ నమస్తే. ఈ మధ్య చైనా చరిత్ర చదువుడు మొదలుపెట్టిన, మస్తు బాగున్నది గానీ పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్న. ఒక దగ్గర లీ షిమిన్ అని ఉంటది, ఇంకో దగ్గర అదే మనిషిని తాంగ్ తైజోంగ్ అంటరు. హాన్ వూది అంటే ఆయన పేరే అనుకున్న, తీరా చూస్తే అసలు పేరు లియు చె అంట. కాంగ్‌షీ అయితే మనిషి పేరే కాదంట!! ఇవన్నీ ఎవరు పెడ్తరు, ఎప్పుడు పెడ్తరు, మనం ఏది వాడాలె? తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పండి, ఎంత పొడుగున్నా చదువుత.

కృష్ణాతీరం:
తంగేడుపూవు గారూ, చైనా చరిత్ర మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు ఇక్కడే తడబడతారండి. చక్రవర్తి వరకు చూస్తే నాలుగు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి. సింహాసనం ఎక్కిన రోజు నుంచి ఆ పేరు ఎవరూ పలకకూడదు, రాయకూడదు. రెండోది పాలనాకాలానికి పెట్టే పేరు, సంవత్సరాలు దాన్నిబట్టే లెక్కేస్తారు, ఫలానా కాలం మూడో ఏడు, నాలుగో ఏడు అని. ఈ పద్ధతిలో మొట్టమొదటి పేరు హాన్ వూది కాలానిది, జియాన్‌యువాన్, క్రీ.పూ. 140 నుంచి లెక్క. మిగతా రెండూ చనిపోయాక వచ్చేవి. వంశపు గుడిలో పూర్వీకుల వరసలో ఆయన పలక పెట్టినప్పుడు ఇచ్చే పేరు ఒకటి, తైజు, తైజోంగ్, గావోజోంగ్ అనేవన్నీ ఆ రకం. ఆయన ఎలా బతికాడు, ఎలా ఏలాడు అని తూచి ఇచ్చేది ఇంకోటి. లియు చె యుద్ధాలు చేసి రాజ్యం పెంచాడు కాబట్టి వూ, అంటే పరాక్రమం. వూది అంటే పరాక్రమ చక్రవర్తి అన్నమాట. ఆ మాట ఆయన బతికుండగా వినలేదు, క్రీ.పూ. 87లో పోయాక ఇచ్చారు.

ఏది వాడాలి అంటే, తాంగ్ వంశానికి ముందువాళ్ళకి ఆ తూచి ఇచ్చిన పేరు, తాంగ్ నుంచి యువాన్ దాకా గుడి పేరు, ఆఖరి రెండు వంశాలు మింగ్, చింగ్ వాళ్ళకి పాలనాకాలం పేరు. చరిత్ర పుస్తకాల్లో మామూలుగా నడిచే అలవాటు ఇదే. 1368లో మింగ్ మొదలైనప్పటి నుంచి ఒక చక్రవర్తికి ఒకే కాలం పేరు అని పెట్టుకున్నారు, అందుకే హోంగ్‌వూ, కాంగ్‌షీ, చియెన్‌లోంగ్ అంటే మనిషి పేర్లలాగే అయిపోయాయి. అంతకుముందు ఒక్కొక్కళ్ళు మంచి శకునం కనపడినా, చెడు జరిగినా కాలం పేరు మార్చేసేవాళ్ళు, చక్రవర్తిగా గద్దెనెక్కిన వూ జెతియన్ అనే ఆవిడ 690 నుంచి 705 దాకా సొంతంగా ఏలిన కాలంలోనే పదికి పైగా మార్చింది.

సీమరాయి:
ఒక చక్రవర్తికి ఒకే కాలం పేరు అనే రూల్‌కి మింగ్‌లోనే ఒక మినహాయింపు ఉంది. జు చిజెన్ అనే ఆయన జెంగ్‌తోంగ్ చక్రవర్తి. 1449లో తూము దగ్గర యుద్ధంలో మంగోలులకి పట్టుబడ్డాడు, వెంటనే తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. మరుసటేడు విడిచిపెడితే ఇంటికొచ్చాడు, 1457లో మళ్ళీ గద్దె ఎక్కాడు, అప్పుడు తియన్‌షున్ అని కొత్త పేరు పెట్టుకున్నాడు. అందుకే ఆయన్ని గుడి పేరుతో యింగ్‌జోంగ్ అనడమే తేలిక.

రాత్రిబండి:
కృష్ణాతీరం గారూ బాగా చెప్పారు కానీ నాకొక అనుమానం. చనిపోయాక తూచి పేరు పెడతారు అన్నారు, పెట్టేది ఎవరు? గద్దె మీద కూర్చున్న కొడుకు. వాడి ముందు నిలబడి మీ నాన్న దుర్మార్గుడు అని ఏ మంత్రి అంటాడండి. కాబట్టి అదంతా పొగడ్తే అయ్యుండాలి కదా

కృష్ణాతీరం:
రాత్రిబండి గారూ, మీరు అడిగిన ఈ ప్రశ్నే చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్‌కి కూడా వచ్చింది, కాకపోతే అటువైపు నుంచి. ఈ విషయం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఆయనకన్నా ముందు ఏలిన జోవ్ వంశంలో చెడ్డ పేర్లు నిజంగానే పెట్టారు. ఒక రాజుని క్రీ.పూ. 841లో జనం తిరగబడి తరిమేశారు, ఆయన చరిత్రలో లీ రాజు, లీ అంటే క్రూరుడు. ఆయన మనవడు క్రీ.పూ. 771లో రాజధానితో పాటు ప్రాణం కూడా పోగొట్టుకున్నాడు, యో రాజు అన్నారు, చీకటి అని అర్థం. ఆ ఒక్క అక్షరం ఇక చెరగదు, ఎన్ని వందల ఏళ్ళయినా ఆ పేరుతోనే పిలవాలి. రాజులకి దానంటే భయం ఉండేది.

క్రీ.పూ. 221లో యింగ్ జెంగ్, అంటే ఈ చిన్ షి హువాంగే, మిగతా రాజ్యాలన్నీ గెలిచాక, రాజు అనే మాట నాకు చిన్నది అని పాతకాలం దైవసమానుల పేర్లలోని హువాంగ్, ది అనే రెండు మాటలు కలిపి హువాంగ్‌ది అని కొత్త బిరుదు చేయించుకున్నాడు. అంతకుముందు ఎవరైనా తనని తాను అనుకోడానికి వాడే జెన్ అనే మాట, అంటే నేను, దాన్ని కూడా ఇకనుంచి నేనొక్కణ్ణే వాడాలి అన్నాడు. ఆ తర్వాత చేసిన పని చూడండి. చనిపోయాక పేరు పెట్టే ఆచారమే రద్దు. కారణం దాచలేదు, కొడుకు తండ్రిని తూచడం, సేవకుడు ప్రభువుని తూచడం తగదు, కాబట్టి నేను మొదటి చక్రవర్తిని, నా తర్వాత రెండో ఆయన, మూడో ఆయన, అలా పదివేల తరాల దాకా అంకెలతోనే పోతాయి అన్నాడు. రెండో ఆయన దగ్గరే పడిపోయింది, క్రీ.పూ. 207కి అంతా అయిపోయింది. హాన్ వాళ్ళు రాగానే ఆచారం మళ్ళీ తెచ్చారు.

అంత బలవంతుడు పనిగట్టుకుని దాన్ని రద్దు చేశాడంటే అది ఒట్టి పొగడ్త కాదనేగా అర్థం. చైనా పేర్లలో నేను చూసేది ఇదే, నీ పేరు నీ చేతిలో లేదు, నీ తర్వాతవాళ్ళ చేతిలో ఉంది.

రాత్రిబండి:
లీ రాజు, యో రాజు సరే. కానీ తర్వాత తర్వాత చెడ్డ పేరు పడ్డవాళ్ళంతా ఓడిపోయినవాళ్ళే కదండి. తాంగ్‌కి ముందున్న సూయి వంశపు చక్రవర్తి యాంగ్‌ది సంగతి చూడండి. యాంగ్ అనేది నీతి తప్పినవాడికి పెట్టే పేరు, 618లో ఆయన్ని చంపేశాక కొత్తగా వచ్చిన తాంగ్ వాళ్ళు పెట్టారు. గెలిచినవాడు ఓడినవాడికి పెట్టిన పేరు అది, తీర్పు అని నేను ఒప్పుకోను.

సీమరాయి:
యాంగ్‌ది విషయంలో ఇంకో మెలిక ఉంది అన్నా. చెన్ రాజ్యపు ఆఖరి రాజు చెన్ షూబావో, సూయి వాళ్ళకి ఓడిపోయి వాళ్ళ దగ్గరే ఉంటూ 604లో పోయాడు. ఆయనకి చనిపోయాక యాంగ్ అని పేరు పెట్టింది ఎవరో తెలుసా, అప్పుడే గద్దెనెక్కిన సూయి యాంగ్‌దినే! పద్నాలుగేళ్ళకి అదే అక్షరం తనకే వచ్చింది. ఇది మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను నేను.

రాత్రిబండి:
ఇది నాకు తెలీదు, థాంక్స్. కానీ నా మాటకి ఇది ఇంకా బలం కదా, ఎవరి చేతిలో గద్దె ఉంటే వాళ్ళ చేతిలో పేరు. తాంగ్ నుంచి అయితే పొగడ్త తప్ప ఏమీ మిగల్లేదు. తైజోంగ్ పోయినప్పుడు 649లో పెట్టింది ఒకే ఒక్క అక్షరం, వెన్. తర్వాత కొడుకు, ముని మనవడు కలుపుకుంటూ కలుపుకుంటూ 754కి వెన్‌వూ దాషెంగ్ దా గువాంగ్‌షియావ్ దాకా లాగారు, విద్యావంతుడు పరాక్రమవంతుడు మహాజ్ఞాని తల్లిదండ్రుల పట్ల మహా భక్తి ఉన్నవాడు అని అన్నీ. అందరూ మహాజ్ఞానులే అయితే ఇక తూచింది ఏముందండి. కృష్ణాతీరం గారు తాంగ్ నుంచి గుడి పేరు వాడతారు అన్నారే, ఈ పొడుగు పేర్లు పలకలేకే కదా.

పాలపిట్ట:
పొడుగు పేర్లంటే చింగ్ వంశపు త్సిషీ రాజమాతని మర్చిపోకండి. ఆవిడ బతికుండగానే పెద్ద పండగ వచ్చినప్పుడల్లా రెండేసి అక్షరాలు కలుపుకుంటూ వచ్చారు, మొత్తం 16 అక్షరాలు. త్సిషీ అనేది అందులో మొదటి రెండు మాత్రమే, 1861లో ఇచ్చిన గౌరవనామం. పుట్టింటి పేరు మనకి రికార్డుల్లో దొరకదు, యెహె నారా వంశం అమ్మాయి అని ఉంటుంది అంతే. 1852లో అంతఃపురంలోకి వచ్చినప్పుడు లాన్ అనే మాటతో ఒక చిన్న హోదా, తర్వాత యి అనే మాటతో ఇంకో హోదా, అలా హోదా పెరిగినప్పుడల్లా పిలుపు మారింది. దేశాన్ని దాదాపు 47 ఏళ్ళు నడిపిన మనిషి కన్నవాళ్ళు ఏమని పిలిచారో తెలీదు!! ఈ థ్రెడ్‌లో ఇంతసేపూ మగవాళ్ళ పేర్లే నడుస్తున్నాయి కాబట్టి చెప్తున్నా, ఆడవాళ్ళ విషయంలో బిరుదు అసలు పేరుని పూర్తిగా మింగేసింది.

వూ జెతియన్ కూడా అంతే. జెతియన్ అనేది 705లో గద్దె దిగాక ఇచ్చిన బిరుదులోని మాట. ఆవిడ తనకి తాను పెట్టుకున్న పేరు జావ్, దానికోసం కొత్త అక్షరమే చేయించింది, ఆకాశం మీద సూర్యుడు చంద్రుడు ఉన్నట్టు. చైనా చరిత్రలో హువాంగ్‌ది బిరుదు తీసుకుని గద్దెనెక్కి ఏలిన ఒకే ఒక్క ఆడమనిషి, పోయేముందు మాత్రం చక్రవర్తి అనే బిరుదు తీసేసి నన్ను రాణి అనే పిలవండి అని రాయించింది. ఎందుకు అలా చేసిందో అని నేను చాలా ఆలోచిస్తాను. కొడుకుల గుడిలో, భర్త పక్కన చోటు కావాలంటే రాణిగానే కావాలి అనుకుందని నా అభిప్రాయం.

పేరుతో శిక్ష వెయ్యడం కూడా ఆవిడకి బాగా తెలుసు. 655లో తన పోటీ రాణి వాంగ్‌ని, ఇంకో భార్య షియావ్‌ని దించేశాక, వాళ్ళ ఇంటిపేర్లు మార్చి ఒకళ్ళకి కొండచిలువ, ఇంకొకళ్ళకి గుడ్లగూబ అని అర్థం వచ్చే పేర్లు పెట్టించింది. చంపడంతో ఊరుకోలేదు.

తంగేడుపూవు:
పాలపిట్ట అక్కా ఇది మస్తు దారుణం 😳 అయితే చదువుకున్న ఆడోళ్ళ పేర్లు గూడ మిగల్లేదా?

పాలపిట్ట:
కొన్ని మిగిలాయమ్మా. బాన్ జావ్ పేరు మిగిలింది. అన్న బాన్ గూ సగంలో వదిలి పోయిన హాన్ వంశ చరిత్రని పూర్తిచేసిన పండితురాలు. రాణికి, అంతఃపురం వాళ్ళకి పాఠాలు చెప్పింది కాబట్టి ఆస్థానంలో ఆవిణ్ణి త్సావ్ దాగు అని గౌరవంగా పిలిచేవాళ్ళు. త్సావ్ భర్త ఇంటిపేరు. ఇంకొకటి, హాన్ మొదటి చక్రవర్తి భార్య ల్యూ రాణి పేరు జి, అంటే అడవి కోడి. ఆవిడ అధికారంలో ఉన్నప్పుడు ఆ మాట అనకూడదు కాబట్టి ఆ పిట్టనే వేరే పేరుతో పిలవాల్సి వచ్చింది.

తంగేడుపూవు:
ఆ అనకూడదు అనేది నాకు సరిగ్గ అర్థంకాలే. పేరు పలికితే ఏమైతది? పాతకాలంల మన ఇండ్లల్ల పెనిమిటి పేరు చెప్పకపోయేటోళ్ళు, గట్లనా?

కృష్ణాతీరం:
మూలం అలాంటి గౌరవమే, కాకపోతే దీనికి చట్టం ఉంది, శిక్షా ఉంది. చక్రవర్తి పేరులో ఉన్న అక్షరం దేశంలో ఎవరూ వాడకూడదు, దాని బదులు వేరే అక్షరం వెయ్యాలి, లేదా ఒక గీత తగ్గించి రాయాలి. హాన్ వెన్‌ది అసలు పేరు లియు హెంగ్, అందుకని చంద్రుడిలో ఉండే దేవత హెంగ్-అ పేరు చాంగ్-అ అయింది, ఈ రోజుకీ అందరూ చాంగ్-అ అనే అంటారు. లీ షిమిన్ పోయాక, మిన్ అనే అక్షరం ఉందని ప్రజల మంత్రిత్వశాఖ పేరు మార్చి గృహాల శాఖ అన్నారు, ఆ పేరు దాదాపు చింగ్ ఆఖరిదాకా ఉండిపోయింది. లీ షిమిన్ బతికుండగా రెండు అక్షరాలూ పక్కపక్కన రాకపోతే చాలులే అన్నాడు, జనానికి ఇబ్బంది ఎందుకని. కొడుకు వచ్చాక కఠినం చేశారు.

ఈ రెండు ఆచారాలూ ఒకే మనిషి మీద పడిన ఉదాహరణ ఒకటి చెప్తా. షు షిజి అనే సేనాపతి. తాంగ్ వాళ్ళకి సేవ చేశాడని రాజవంశం ఇంటిపేరు ఇచ్చారు, లీ షిజి అయ్యాడు. అది గౌరవం. తర్వాత షి అక్షరం చక్రవర్తి పేరులో ఉందని తీసెయ్యాల్సి వచ్చింది, లీ జి అయ్యాడు. చరిత్రలో లీ జి గానే మిగిలాడు, పుట్టినప్పటి మూడు అక్షరాల్లో మిగిలింది ఒక్కటి!

చింగ్ కాలంలో వాంగ్ షిహో అనే పండితుడు ఒక నిఘంటువు వేశాడు, కాంగ్‌షీ, యోంగ్‌జెంగ్, చియెన్‌లోంగ్ ముగ్గురి సొంత పేర్లూ అందులో ఉన్నవున్నట్టు అచ్చువేశాడు. ఈ అక్షరాలు వాడకండి అని చెప్పడానికే వేశాడండి పాపం. చంపేశారు.

సీమరాయి:
చక్రవర్తులే కాదు, కన్నతండ్రి పేరు కూడా అనకూడదు. లీ హె అని తాంగ్ కాలపు కవి, చిన్న వయసులోనే పోయాడు, ఎంత గొప్పగా రాస్తాడో. ఆయన తండ్రి పేరు జిన్‌సు. పెద్ద పరీక్ష పేరు జిన్‌షి. జిన్ అనే శబ్దం కలిసిందని, తండ్రి పేరు అన్నట్టవుతుంది కాబట్టి ఆ పరీక్ష రాయకూడదు అని గొడవ చేశారు. హాన్ యూ లాంటి పెద్ద రచయిత కోపంతో ఒక వ్యాసమే రాశాడు, తండ్రి పేరు రెన్ అయితే, అంటే దయ, ఇక కొడుకు మనిషిగానే ఉండకూడదా అని (మనిషి అనే మాట శబ్దం కూడా రెనే). అయినా లీ హె ఆ పరీక్ష రాయలేకపోయాడు, చిన్న ఉద్యోగంతోనే సరిపెట్టుకున్నాడు. నాకైతే ఈ ఆచారం మీద ఎంత గౌరవం ఉన్నా ఇక్కడ మాత్రం మండుతుంది.

బౌద్ధయాత్రి:
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మన వైపు తగిలే సంగతి ఒకటి ఉంది. మన పుస్తకాల్లో ఒకే యాత్రికుణ్ణి హ్యూయాన్ త్సాంగ్ అని ఒకచోట, యువాన్ చ్వాంగ్ అని ఇంకోచోట చదువుకున్నాం కదా. ఆయన ఇంటిపేరు చెన్, సన్యాసం తీసుకున్నాక వచ్చిన పేరు షువాన్‌జాంగ్. చింగ్ కాలంలో కాంగ్‌షీ చక్రవర్తి సొంత పేరు షువాన్‌యె కాబట్టి షువాన్ అనే అక్షరం రాయకూడదు, దాని బదులు యువాన్ అని వేసేవాళ్ళు. అంతఃపురం ఉత్తర ద్వారం షువాన్‌వూ పేరు కూడా అందుకే షెన్‌వూ అయింది. ఈ యాత్రికుడి పేరు కూడా ఆ కాలపు పుస్తకాల్లో యువాన్‌జాంగ్ అని అచ్చయింది. దాదాపు వెయ్యేళ్ళ ముందు పోయిన బౌద్ధ భిక్షువు పేరు, తర్వాతెప్పుడో వచ్చిన చక్రవర్తి కోసం మారింది.

ఆయన ఆంధ్ర దేశం, ధాన్యకటకం రెండూ చూసి 645లో తాంగ్ రాజధాని చాంగాన్ చేరాడు, మరుసటేడు గ్రంథంలో రాయించాడు. చైనా వాళ్ళు ఆయన్ని శాన్‌జాంగ్ అంటారు, త్రిపిటకాలు తెలిసినవాడు అని. అది ఆయన ఒక్కడి బిరుదు కాదు, చాలామంది ఆచార్యులకి ఉంది, కానీ ఇప్పుడు ఆ మాట అంటే అందరికీ ఈయనే గుర్తొస్తాడు. ఆచార్య నాగార్జునుడు కూడా వాళ్ళకి లోంగ్‌షూ, నాగుడికి డ్రాగన్, అర్జునానికి చెట్టు.

కృష్ణాతీరం:
బౌద్ధయాత్రి గారూ చాలా సంతోషం, ఇది నేను రాయాలనుకుని వదిలేశాను.

రాత్రిబండి గారూ మీ మాటకి వస్తా. చక్రవర్తుల వరకు పొగడ్త అయిపోయింది, నిజమే. కానీ మంత్రులకి, సేనాపతులకి ఇచ్చే పేర్ల మీద ఆస్థానంలో నిజమైన వాదనలు జరిగేవి. సోంగ్ వంశపు సేనాపతి యుయె ఫెయ్‌ని 1142లో అబద్ధపు నేరం మోపి చంపారు, 1178లో వూము అని గౌరవనామం ఇచ్చారు. ఆయన్ని చంపించిన మంత్రి చిన్ హుయికి చనిపోయినప్పుడు విధేయుడు అని మంచి పేరే వచ్చింది, 1206లో అది లాక్కుని మియోచో అని పెట్టారు, తప్పుడువాడు, నీచుడు అని. యాభై ఏళ్ళకి లెక్క సరైంది కదా.

రాత్రిబండి:
సరైంది అనకండి, పూర్తిగా చెప్పండి. 1206లో హాన్ త్వోజో అనే పెద్దాయన ఉత్తరాన జిన్ వాళ్ళ మీద యుద్ధానికి దిగుతున్నాడు, అందుకని శాంతి కోరిన చిన్ హుయిని తిట్టడం అప్పటి అవసరం. యుద్ధం ఓడిపోయారు, హాన్ త్వోజో తల జిన్ వాళ్ళకి పంపారు, 1208లో చిన్ హుయికి పాత మంచి పేరు తిరిగి ఇచ్చేశారు! పేరు రాజకీయంతో పాటే అటూ ఇటూ తిరిగింది. తీర్పు ఇచ్చింది జనం. హాంగ్‌జోలో యుయె ఫెయ్ సమాధి ముందు చిన్ హుయి, వాడి భార్య ఇనుప బొమ్మలు మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాయి. వచ్చినవాళ్ళు ఉమ్మి ఉమ్మి, కొట్టి కొట్టి పాడైతే మళ్ళీ మళ్ళీ పోతపోశారు.

కృష్ణాతీరం:
1208 సంగతి కాదనను. కానీ అధికారులు రెండేళ్ళలో రెండుసార్లు ఆ రెండక్షరాల కోసం కొట్టుకున్నారంటే వాటికి విలువ ఉన్నట్టేగా. ఇక్కడ మన ఇద్దరికీ కుదిరేట్టు లేదు 🙂

సీమరాయి:
బిరుదే పేరైపోయిన ఇంకొకాయన కోక్సింగా. అసలు పేరు జెంగ్ సెన్. మింగ్ పడిపోయాక దక్షిణాన మిగిలిన లోంగ్‌వూ చక్రవర్తి ఆయనకి తమ వంశం ఇంటిపేరు జు ఇచ్చాడు. జనం గువోషింగ్‌యె అన్నారు, రాజ్యపు ఇంటిపేరు గల దొర అని. డచ్చివాళ్ళ నోట అది కోక్సింగా అయింది, 1662లో వాళ్ళనే తైవాన్ నుంచి తరిమేశాడు. ఆయన కొడుకు, మనవడు 1683 దాకా మింగ్ వైపు ఆఖరి చక్రవర్తిదైన యోంగ్‌లీ కాలం అనే రాసుకున్నారు. ఆ యోంగ్‌లీ చక్రవర్తిని 1662లోనే చంపేశారు! చింగ్ వాళ్ళ కాలం పేరు రాస్తే లొంగిపోయినట్టు కదా, అందుకని.

తంగేడుపూవు:
గొప్పగున్నది ఇది. ఆఖరికి ఒకటే అడుగుత, మామూలు మనుషులకు రెండు పేర్లెందుకు? ఒకే మంత్రి పేరు జుగె లియాంగ్ అని ఒకసారి, కోంగ్‌మింగ్ అని ఒకసారి వస్తది.

పాలపిట్ట:
పాతకాలంలో మగపిల్లాడికి ఇరవై ఏళ్ళకి తలకి టోపీ పెట్టే వేడుక చేసి రెండో పేరు ఇచ్చేవాళ్ళు, ఆడపిల్లకి పదిహేనుకి జుట్టుకి పిన్ను పెట్టి. ఆ తర్వాత మొదటి పేరు తల్లిదండ్రులు, గురువులు, ప్రభువు మాత్రమే పలకాలి. తోటివాళ్ళు రెండో పేరుతో పిలవాలి. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు మాత్రం మొదటి పేరే, అణకువగా. జుగె లియాంగ్ రాజుకి రాసిన లేఖలో నన్ను అనాల్సిన చోట లియాంగ్ అనే రాసుకున్నాడు. లియాంగ్ అంటే వెలుగు, కోంగ్‌మింగ్ అంటే బాగా ప్రకాశించేది, రెండిటికీ పొత్తు ఉండేట్టు చూస్తారు. వరస కూడా అందులోనే చెప్తారు, సున్ త్సె పెద్దవాడు కాబట్టి బోఫు, తమ్ముడు సున్ చువాన్ జోంగ్‌మో, బో అంటే మొదటివాడు, జోంగ్ అంటే రెండోవాడు. కన్ఫ్యూషియస్ కూడా జోంగ్‌ని, రెండో కొడుకు.

ఇవి కాక మనిషి తనకి తాను పెట్టుకునే పేరు ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. సు షి అనే కవి 1080లో హువాంగ్‌జోకి బహిష్కారం మీద వెళ్ళి అక్కడ తూర్పు వాలులో ఉన్న బీడు నేల దున్నుకున్నాడు, దాన్నిబట్టే దోంగ్‌పో అని పెట్టుకున్నాడు, తూర్పు వాలు అని. తొమ్మిది వందల ఏళ్ళు దాటినా జనం ఆయన్ని దోంగ్‌పో అనే పిలుస్తున్నారు.

రాత్రిబండి:
చూశారా, తన పేరు తన చేతిలోనే ఉంది ఇక్కడ. పోతే ఆఖరి చక్రవర్తి పుయి సంగతేంటి, ఆయన్ని అందరూ సొంత పేరుతోనే పిలుస్తారు కదా?

కృష్ణాతీరం:
ఔనండి. ఆయన కాలం పేరు షువాన్‌తోంగ్, 1908లో పసివాడిగా గద్దెనెక్కాడు, 1912లో దిగిపోయాడు. తర్వాత జపాన్ వాళ్ళు మంచూరియాలో కూర్చోబెట్టినప్పుడు 1932లో దాతోంగ్, 1934లో కాంగ్‌దె అని ఇంకో రెండు కాలాల పేర్లు. 1967లో పోయేసరికి మామూలు పౌరుడు. పేరు పలకొద్దని చెప్పే చట్టం లేదు, తూచి పేరు పెట్టే ఆస్థానం కూడా లేదు, అందుకని పుట్టినప్పటి పేరే ఉండిపోయింది. రెండు వేల ఏళ్ళ పైన నడిచిన వరసలో ప్రపంచమంతా సొంత పేరుతో పిలిచే చక్రవర్తులు చాలా తక్కువ, ఈయన ఒకరు.

తంగేడుపూవు:
అందరికీ చాలా థాంక్స్. రేపటి నుంచి సోంగ్ వంశం మొదలుపెడ్తున్న, యుయె ఫెయ్ దగ్గర డౌట్లొస్తే మళ్ళ ఈడ్నే అడుగుత.